కొసరు చుట్లు

పుంగనూరు,
10 ఫిబ్రవరి 2025

హరీ,

ఈ కాగితం ట్రాన్స్‌ఫార్మరుతో పాటు వ్యానులో వస్తోంది. డ్రైవరు ఇవ్వడం మరిచిపోతే అడిగి తీసుకో. ఫోను చేయొచ్చు కదా అంటావు. మనిద్దరం ఫోనులో మాట్లాడితే రెండో నిమిషంలో కొట్లాట, మూడో నిమిషంలో కట్. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డం రాలేవు. పైగా రిపేరు షెడ్డులో ఫోను ఉండకూడదని మీ బావ పెట్టిన కట్టుబాటు ఆయన పోయి నాలుగేళ్లయినా నేను తప్పలేదు. వెయ్యిన్నూట యాభై తీగ చుట్లు లెక్కపెట్టాక ఎవడో ఫోను చేసి లోను కావాలా అని అడిగితే, ఆ చుట్లన్నీ విప్పి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేది నేనే కదా.

ఇది మీ కుప్పం వైపు, రామకుప్పం దగ్గర కొత్తూరుది. ఇరవై అయిదు కేవీఏ. పిడుగు పడి లోపల కాయిళ్లన్నీ బొగ్గయ్యాయి. లోపలి మూడు ఇనుప కాళ్లకూ పాత తీగ తీసేసి కొత్తగా చుట్టాను. వార్నిష్ పెట్టి, ఆరబెట్టి, ఆయిలు పోసి పంపిస్తున్నాను.

ఇంతకాలం చేశాను గానీ, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరు వెంట మనిషి రావడం మొదటిసారి చూశాను. బయ్యమ్మ అని, నా ఈడుదే, రెండెకరాలు టమాటా పెట్టిందట. కొత్తూరు నుంచి మూడు బస్సులు మారి, సద్ది మూట కట్టుకుని షెడ్డుకు వచ్చేసింది. “అమ్మా, మా బోరు లైనుకు కట్టకడన ఉండాది. కరెంటు మాదాకా వచ్చేలోపు సచ్చిపోతాండాది. మోటరు తిరిగే దినం తిరగతాది, లేని దినం ఊ అని ఊరుకుంటాది. ఈసారన్నా కొంచిం జోరుగా వచ్చేట్టు సుట్టమ్మా, నీకు పుణ్యముంటాది” అంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆమె అడిగింది. నిండు చేత్తోనే చుట్టాను. మదనపల్లెలో మన అమ్మ కూరగాయల గంప ముందు కూర్చుంటే ఆ చెయ్యి ఎట్లా ఆడేదో నీకు గుర్తుందా? నాదీ అదే చెయ్యి.

త్వరగా టెస్టు చేసి పంపించు. టమాటా కాయ మీద ఉందట, పది రోజులు నీళ్లు లేకపోతే పోయినట్టే. ఇంకొక మాట. ఏప్రిల్లో మీ కరెంటు డిపార్ట్‌మెంటు రిపేరు షెడ్ల పట్టీ మళ్లీ రాస్తుంది కదా. ఒక్క కంప్లయింటు ఉన్నా పేరు కొట్టేస్తారని విన్నాను. షెడ్డు పోతే బతకలేనని కాదు, మిషను కుట్టి అయినా బతుకుతాను. కానీ ముప్పై ఏళ్లుగా నేను చేసిన పని ఇదొక్కటే. ఇందులో నన్ను మించినవాళ్లు ఈ చుట్టుపక్కల లేరు. ఆ సంగతి నాకు తెలుసు, నీకూ తెలుసు. పట్టీ రాసేవాళ్లకు కూడా తెలియాలి.

కాగితం మీద ఆయిలు మరక నాది కాదు, డ్రైవరుది.

మీ అక్క
యమున


కుప్పం,
14 ఫిబ్రవరి 2025

అక్కా,

కాగితం అందింది, ట్రాన్స్‌ఫార్మరూ అందింది. మరక మాత్రం నీదే. డ్రైవరు వేళ్లకు అంత సన్నటి గుర్తులు పడవు.

పదకొండో తేదీన దించుకున్నాం, పన్నెండున టెస్టింగు బల్ల మీద పెట్టాను, పదమూడున కొత్తూరులో స్తంభం ఎక్కించి చార్జి చేశాం. ఇంత తొందరగా ఏ ట్రాన్స్‌ఫార్మరూ మా గదిలోంచి బయటికి పోలేదు. మా ఏఈ సుప్రియ మేడం కూడా అడిగింది, అన్నీ చూశారా హరినాథ్ గారూ అని. మా అక్క చుట్టిందండీ అన్నాను. నీ చుట్ల గురించి నేను పరీక్ష పెట్టడమంటే మేనమామకు అమ్మ పుట్టిల్లు సంగతి చెప్పినట్టే.

చార్జి చేసిన రోజు బయ్యమ్మ మా లైనుమన్లందరికీ మజ్జిగ పోసింది. స్విచ్చి వేయగానే ఊళ్లో బల్బులు వెలిగాయి, పిల్లకాయలు కేకలు పెట్టారు. అడవిలోంచి ఏనుగులు దిగే కాలం కదా, వారం రోజులుగా వీధి దీపాలు లేక ఊరంతా బిక్కుబిక్కుమంటూ ఉంది. ఆమె నా చెయ్యి పట్టుకుని, “మీ యక్క సల్లంగుండల్ల” అంది. మోటరు ఆ రోజు వేయలేదు, బోర్లకు కావలసిన త్రీఫేజు ఆ వైపు ఇవాళ ఇస్తారు.

మీ మరదలు నందిని నీకు చెనిక్కాయల పొడి చేసి ఉంచింది. ఈ వైపు వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పు. నువ్వే వస్తే ఇంకా మంచిది. వచ్చి రెండు రోజులుంటే షెడ్డు ఎక్కడికీ పారిపోదు.

నీ గొప్పలు నేనే చెప్పుకుని తిరుగుతున్న
తమ్ముడు హరి


కుప్పం,
2 మార్చి 2025

అక్కా,

ఈ ఉత్తరం రాయడానికి మూడు రోజులు వెనకాడాను. కొత్తూరు మంచి కబురు కాదు.

ట్రాన్స్‌ఫార్మరు ఎక్కించిన మరునాటి నుంచే కంప్లయింట్లు. మొదట లైనులో లోపమనుకున్నాం. జాయింట్లన్నీ బిగించాం, చెట్ల కొమ్మలు కొట్టించాం. మార్పు లేదు. చివరికి మీటరు తీసుకుని నేనే వెళ్లాను. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరే రావలసిన దానికంటే ఇరవై వోల్టులకు పైగా తక్కువ. అక్కడి నుంచి బయ్యమ్మ స్టార్టరు దాకా పోయేసరికి 338. ఇది కాలిపోకముందు 360 దాకా ఉండేదని మా రికార్డులో ఉంది. బయ్యమ్మ నన్ను తిట్టలేదు, తిట్టినా బాగుండేది. “ముందు దినమిడిసి దినమన్నా తిరిగేదప్పా. ఇప్పుడు ఊ అంటాది, అంతే” అంది. టమాటా చెట్లు తలలు వాల్చేశాయి.

నేను మూడు సంగతులు అడుగుతాను, కోపం తెచ్చుకోకుండా జవాబు రాయి. లావు తీగ ఒక్కో కాలుకు ఎన్ని చుట్లు వేశావు? ఆ తీగ కట్ట ఎప్పటిది? పని అయ్యాక లావు తీగ ఏమైనా మిగిలిందా?

లావు తీగ చుట్లు తగ్గితే బయటికొచ్చే వోల్టేజీ తగ్గుతుంది. అందుకని అడుగుతున్నాను, ఇంకేమీ లేదు. మేడం కంప్లయింటు రాతలో పెట్టమంది. నీ జవాబు వచ్చేదాకా ఆపి ఉంచాను.

తమ్ముడు
హరి


పుంగనూరు,
4 మార్చి 2025

హరినాథ్ గారికి,

యమున రాసుకున్నది.

మొదటి ప్రశ్నకు ఓర్చుకున్నాను, రెండో ప్రశ్నకు పళ్లు కొరుక్కున్నాను. మూడో ప్రశ్న చదివి కాగితం పక్కన పడేసి పెరట్లోకి పోయి కూర్చున్నాను. తీగ మిగిలిందా? తీగ మిగుల్చుకుని పాత ఇనుప సామాన్లవాడికి అమ్ముకున్నావా అని సూటిగా అడిగితే పోయేది కదా. నీకు పలక కొనిచ్చి, చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయిన అక్కను అడగవలసిన మాటేనా అది?

విను. లావు తీగ నూట ఇరవై అయిదు చుట్లు. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. ఎందుకంటే అక్కడ ఎక్కువ వేయడానికి చోటుండదు. చోటుంటే అక్కడా వేసేదాన్ని. సన్న తీగ లెక్క ప్రకారం కాలుకు నాలుగు కాయిళ్లు, కాయిలుకు 1375, మొత్తం 5500. నేను వేసింది అంత కాదు, అంతకంటే ఎక్కువ! కాయిలుకు డెబ్బై అయిదు చొప్పున కొసరు వేశాను. కాలుకు మూడు వందల చుట్లు. పదకొండు వేల వోల్టులు వచ్చి దిగేది సన్న తీగలోకే కదా, అది బలంగా ఉంటే అంతా బలంగా ఉంటుంది. ఆ తీగ నా సొంతానికి తెచ్చుకున్నది, మీ ఆఫీసు తీగ కాదు. తీగ మిగిలిందా అని అడిగావు. మిగల్లేదు, చాలక తెచ్చుకున్నాను.

అమ్మ గంపలో తూకం అయ్యాక రెండు మిరపకాయలు, ఒక కొత్తిమీర రెబ్బ పడేది. తూకం ఎంత సరిగ్గా ఉన్నా కొసరు లేని బేరం బేరం కాదనేది. మీ బావకు ఆ గుణం లేదు. పెళ్లయిన కొత్తలో నేను ఒక పది చుట్లు ఎక్కువ వేస్తే విప్పించాడు. “లెక్కంటే లెక్కే, ఈడ నీ కొసర్లు వద్దు” అన్నాడు. ఎందుకు వద్దో చెప్పలేదు. పిసినారి అని తీర్మానించుకున్నాను. ఆయన పోయాక ఆ కట్టుబాటు ఒక్కటి మాత్రం వదిలేశాను. చివరి లైనువాళ్లవి ఏవి వచ్చినా కాయిలుకు అయిదేసి కొసరు వేసి పంపించాను. పదకొండు ట్రాన్స్‌ఫార్మర్లు. ఒక్క ఊరు కూడా వేలెత్తి చూపలేదు. బయ్యమ్మ కళ్లు చూసి ఈసారి చెయ్యి ఇంకొంచెం ధారాళమైంది.

లోపం మీ లైనులో ఉంటుంది, మీ మీటరులో ఉంటుంది, వెతుక్కోండి. నా చేతిలో లేదు.

యమున


కుప్పం,
9 మార్చి 2025

అక్కా,

నీ ఉత్తరం చదివి ముందు పకపకా నవ్వాను. నందిని పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగితే చెప్పబోయి ఏడ్చేశాను. నిన్ను అనుమానించాను. పైకి అనకపోయినా లోపల అనుకున్నాను. అది తప్పు. నా చెంప నేనే వాయించుకుంటున్నాను, మిగతాది నువ్వొచ్చి వాయించు.

ఇప్పుడు నా మాటకు అడ్డం రాకుండా చివరిదాకా చదువు. కాగితమైనా నువ్వు అడ్డం వస్తావని నాకు తెలుసు.

సన్న తీగ, లావు తీగ రెండూ ఒకే ఇనుప కాలు చుట్టూ ఉంటాయి గానీ ఒకదాన్నొకటి తాకవు. మధ్యలో పేపరు చుట్టేది నువ్వే. మరి లోపలికి పోయిన కరెంటు ఇవతలికి ఎట్లా దూకుతుంది? నిజానికి దూకదు. సన్న తీగలో పారే కరెంటు ఆ ఇనుమును అయస్కాంతం చేస్తుంది. మన కరెంటు సెకనుకు యాభై సార్లు ముందుకూ వెనక్కూ ఊగేది కాబట్టి ఆ అయస్కాంతం కూడా పెరుగుతూ తగ్గుతూ తిరగబడుతూ ఒక్క క్షణం ఊరుకోదు. అట్లా మారే అయస్కాంతం తన చుట్టూ ఉన్న ప్రతి చుట్టులోనూ వోల్టేజీ పుట్టిస్తుంది. దీన్నే ఇండక్షన్ అంటారు. బ్యాటరీ తగిలిస్తే అయస్కాంతం పుడుతుంది గానీ మారదు, అందుకని అవతల తీగలో ఏమీ రాదు.

అసలు కిటుకు ఇక్కడ ఉంది. ఆ ఇనుము సన్న తీగా లావు తీగా అని చూడదు. ప్రతి చుట్టుకూ ఒకటే కొలత. పంక్తిలో సంగటి వడ్డించడం అనుకో. కుండలో పదకొండు వేల ముద్దలు ఉన్నాయి. సన్న తీగ పంక్తిలో 5500 మంది కూర్చున్నారు. తలా రెండు ముద్దలు. లావు తీగ పంక్తిలో 125 మంది. వాళ్లకూ అదే వంతు, తలా రెండు. అంటే 250. మూడు కాళ్లూ కలిపి కడితే మనకు కావలసిన 433 వస్తుంది. ఇంతదాకా బాగుంది కదా. నువ్వు ప్రేమకొద్దీ సన్న తీగ పంక్తిలో ఇంకో మూడు వందల మందిని తెచ్చి కూర్చోబెట్టావు. కుండ పెరగలేదు. 5800 మందికి పంచితే తలా రెండు కూడా రాలేదు, ఒకటీ తొంభై పైసల వంతు వచ్చింది. లావు తీగ వాళ్లకూ ఆ తగ్గిన కొలతే పడింది. 250 కావలసిన చోట 237. నువ్వు ఎంత ఎక్కువ పెడితే బయ్యమ్మకు అంత తక్కువ ముట్టింది.

పోనీ ఆ కొసరు లావు తీగకు వేస్తే సరిపోయేదా అంటావు. వోల్టేజీ పెరిగేది, నిజమే. కానీ మోటర్లన్నీ ఆపిన వేళ ట్రాన్స్‌ఫార్మరు పక్కనున్న ఇళ్లలో టీవీలు, ఫ్రిజ్జులు కాలిపోయేవి. రెండు వైపులా లెక్క తప్పకూడదు. పాత పదకొండింటి గురించి భయపడొద్దు. కాయిలుకు అయిదంటే నూటికి అర లోపు తేడా, రూలు ఒప్పుకునేదే.

ఇక నా సంగతి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నిన్న ట్రాన్స్‌ఫార్మరు దించి రేషియో టెస్టు చేశాను. సన్న తీగ చుట్లు లావు తీగ చుట్లకు ఎన్ని రెట్లో చెప్పే టెస్టు అది. 44 రావాలి. 46.4 వచ్చింది. ఇది ఫిబ్రవరి పన్నెండునే రావలసిన అంకె. ఆ రోజు మిగతా టెస్టులన్నీ చేశాను గానీ ఈ ఒక్కటి చేయలేదు. తొందర ఒకటి, నీ మీద నమ్మకం ఒకటి. ఆ గడిలో 44.0 అని నా అంతట నేనే రాసి సంతకం పెట్టాను. ఆ రోజు చేసి ఉంటే ట్రాన్స్‌ఫార్మరు స్తంభం ఎక్కేదే కాదు, బయ్యమ్మ చేను ఇట్లా అయ్యేది కాదు.

పదిహేడున మేడం విచారణ. ట్రాన్స్‌ఫార్మరు నీ షెడ్డుకు తిరిగి వస్తోంది. ఆ లోపల నీ షెడ్డుకు మెమో కూడా వస్తుంది.

నీ మీద గుడ్డి నమ్మకమూ, గుడ్డి అనుమానమూ రెండూ పెట్టుకున్న
హరి


పుంగనూరు,
13 మార్చి 2025

హరీ,

నీ పంక్తి భోజనం చదివాను. బాగా రాశావు. కానీ నమ్మలేదు. ముప్పై ఏళ్లు చేత్తో నేర్చుకున్నది ఒక ఉత్తరంతో పోతుందా?

అటక మీద పాత స్టెబిలైజరు ఉంటే విప్పి ఇనుప రేకులు తీశాను. ఇంటి కరెంటుకు 460 చుట్లు, బల్బుకు 24 చుట్లు వేశాను. కారు బల్బు తగిలించాను. రెండు తీగలూ ఎక్కడా కలవలేదని టెస్టరు పెట్టి చూసుకున్నాను. స్విచ్చి వేస్తే బల్బు నిండుగా వెలిగింది. ఆపి, 460 ని 600 చేశాను. బల్బు ఆముదం దీపమైంది. నా కళ్లు మసకబారాయేమోనని మొహం కడుక్కొచ్చి మళ్లీ చూశాను. విప్పి 460 చేస్తే మళ్లీ నిండుగా వెలిగింది. మూడుసార్లు చుట్టాను, మూడుసార్లు విప్పాను. ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు.

తరువాత గోడ మీద మీ బావ ఫొటో ముందు నిలబడ్డాను. ఇరవై అయిదేళ్లు ఆయన్ను పిసినారి అన్నాను హరీ. చుట్టాల ముందు అన్నాను, ఆయన ముఖానే అన్నాను. చెప్పడం రాని మనిషి, నవ్వి ఊరుకునేవాడు. పిసినారి కాదు, సరిగ్గా ఉన్నవాడు. ఇప్పుడు చెప్పుకుందామంటే వినేవాడు లేడు. 

ఏడుపు ఒక పూటే. పని ఆగదు కదా. కొత్తూరు ట్రాన్స్‌ఫార్మరు నిన్న దిగింది, ఆయిలు తీసేశాను, ఇవాళ కాయిళ్లు విప్పుతున్నాను. ఈసారి లెక్క తప్పదు, ఆ విషయంలో నాకు అనుమానం లేదు.

విచారణ గురించి నువ్వు నోరు మెదపొద్దు. నేను చూసుకుంటాను. మేడంకు ఒక కాగితం రాసి ఇవాళే బస్సులో పంపించాను. నీకు ఇద్దరు పిల్లల చదువులున్నాయి, ఇంకా పన్నెండేళ్ల సర్వీసు ఉంది. నాకేముంది పోవడానికి?

మెమో ముట్టింది. అది చూసి ఇంకా ఒళ్లు మండుతోంది. ఆ సంగతి తరువాత.

అక్క


కుప్పం,
18 మార్చి 2025

అక్కా,

నువ్వు చూసుకుంటానన్నది ఇదా?

నిన్న విచారణలో మేడం రెండు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఒకటి పదో తేదీన నేనిచ్చింది. టెస్టు చేయకుండానే 44 రాశానని, తప్పు నాదేనని. రెండోది నువ్వు పంపినది. మా తమ్ముడు టెస్టు చేసినప్పుడు 44 సరిగ్గానే ఉందని, తరువాత ఆయిలు కారుతోందని అబద్ధం చెప్పి ట్రాన్స్‌ఫార్మరు నా షెడ్డుకు తిరిగి తెప్పించుకుని, ఎవరికీ తెలియకుండా చుట్లు మార్చానని!

మేడం చిన్న వయసుది గానీ బుర్ర పాదరసం. నవ్వు ఆపుకుంటూ అంది. “హరినాథ్ గారూ, పన్నెండున టెస్టు చేసినారు, పదమూడున చార్జి చేసినారు. ఒక్క రాత్రిలో మీయక్క పన్నెండు కాయిళ్లు ఇప్పి, మళ్లా సుట్టి, వార్నిష్ ఆరబెట్టి పంపించేసిందా? ఆమెకు సుట్లు లెక్కపెట్టేది వస్తాది గానీ అబద్ధం లెక్కపెట్టేది రాదు.” గదిలో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నువ్వు నా కోసం చేయని దొంగతనం నెత్తిన వేసుకున్నావు. ఆ కాగితం నిలబడి ఉంటే పట్టీలోంచి షెడ్డు పేరు పోవడమే కాదు, నీ మీద కేసు పెట్టేవాళ్లు. బయ్యమ్మకు ఎక్కువ పెట్టబోయి ఏం చేశావో నాకూ అదే చేయబోయావు. ఇంకెప్పుడూ నాకోసం ఉన్నదానికి మించి ఒక్క ముక్క చెప్పొద్దు.

తీర్పు ఇది. నన్ను ఏడాది పాటు టెస్టింగు బల్ల నుంచి తీసి స్టోరులో వేశారు. బోల్టులు, ఇన్సులేటర్లు చూసుకోవాలి. న్యాయమే, నాకు బాధ లేదు. బాధ లేదని రాస్తున్నాను గానీ పొద్దున ఆ గది ముందునుంచి పోతుంటే కాళ్లు అటే లాగాయి. నీ విషయంలో, నువ్వు స్వయంగా వచ్చి ఆ అబద్ధపు కాగితం వెనక్కి తీసుకోవాలి. కొత్తగా చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు టెస్టులో నెగ్గితే షెడ్డును పట్టీలో ఉంచే సంగతి ఆలోచిస్తానంది. కొత్తూరు చివరన ఇంకొక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెడితే తప్ప బయ్యమ్మ కష్టం పూర్తిగా తీరదని కూడా ఒప్పుకుని, పైకి రాసింది. ఎప్పుడొస్తుందో చెప్పలేం.

నా స్థానంలో జయచంద్ర అనే ఆయన వచ్చాడు. బయటి షెడ్ల పనంటే ఆయనకు గిట్టదు. మదనపల్లెలో నాకు తెలిసిన టెస్టరు ఒకాయన ఉన్నాడు, మంచివాడు, కావాలంటే అక్కడ టెస్టు పెట్టించేలా మేడంను బతిమాలతాను.

హరి


పుంగనూరు,
31 మార్చి 2025

హరీ,

నాలుగు రోజులు మీ ఇంట్లోనే ఉండి వచ్చాను గానీ, నువ్వు స్టోరులో, నేను ఆఫీసులో, ఇంట్లో పిల్లల గోల. జరిగింది వరసగా చెప్పుకోలేదు. అందుకే మళ్లీ కాగితం పట్టుకున్నాను.

మదనపల్లె టెస్టరు వద్దన్నానని నీకు కోపం వచ్చింది. నీకు తెలిసినవాడు, మంచివాడు అన్నావు. అందుకే వద్దన్నాను. నన్ను నమ్మినవాడు టెస్టు చేసి ఏం జరిగిందో చూశాం కదా. ఇక మీదట నన్ను నమ్మనివాడే చేయాలి. నీకు మళ్లీ ఆ బల్ల ఇచ్చినా సరే, నా పనికి నువ్వు సంతకం పెట్టొద్దు.

జయచంద్ర గారు నన్ను చూడగానే, “పుంగనూరు నుంచి వచ్చిండే పనంటే నాకు నమ్మకం లేదమ్మా” అన్నాడు. “నాకు కావల్సిందే అదప్పా, కూర్చోని సూడు” అన్నాను. ఆయన చూసిన చూపు నువ్వు చూడాల్సింది! ఒక్కో కాలుకు రెండేసి సార్లు రేషియో తీశాడు. మొదటి కాలు 44. రెండోది 44. మూడోదానికి మీటరు మార్చి తీశాడు. 44. నేను నిలబడే ఉన్నాను. రాబోయే అంకె నాకు ముందే తెలుసు. 5500 చుట్లలో ప్రతి వందకూ ఒక ముడి వేసుకుని లెక్కపెట్టాను. చివరికి ఆయన కుర్చీ నా వైపు జరిపాడు. నోరు తెరిచి మెచ్చుకోలేదు. నాకు ఆ కుర్చీ చాలు.

ఎక్కించిన రోజు కొత్తూరు పోయాను. ట్యాంకరు నీళ్లు కొని పోసుకున్నా బయ్యమ్మ చేనులో మూడో వంతు ఎండిపోయింది. ఆకులు చేత్తో పట్టుకుంటే పొడి పొడి అయ్యాయి. తప్పు లైనుది కాదు, నాది అని ఆమె ముఖం చూసి చెప్పాను. నువ్వు అడిగినదానికంటే ఎక్కువ పెట్టబోయి నీకున్నది కూడా తగ్గించాను అన్నాను.  ఆమె చేను వైపు చూసింది. తరువాత, “మళ్లా ఎవురన్నా నా మాదిరి వచ్చి ఏడిస్తే ఏం సేస్తావమ్మా?” అంది. “మీ ఆఫీసోళ్లను అడుక్కో పో అని బస్సెక్కిస్తా” అన్నాను. “అబ్బా, ఇప్పుడు సరిగ్గా సెప్తాండావు” అంది. స్టార్టరు బటను ఆమే నొక్కింది. 361 ఉంది. మోటరు తిరిగింది. జోరుగా కాదు, కానీ తిరిగింది. మిగిలిన చేనుకు నీళ్లు పారాయి.

ఇక మెమో సంగతి. నాకు ఒళ్లు మండిందని రాశాను కదా. ఆ మెమో నా పేరు మీద రాలేదు హరీ. “శ్రీ నరేంద్ర గారికి, మీరు చుట్టిన ట్రాన్స్‌ఫార్మరులో లోపం ఉన్నందున” అని వచ్చింది. పోయి నాలుగేళ్లయిన మనిషికి! మీ టెస్టు కాగితంలో చుట్టినవారి పేరు అనే గడి ఒకటి ఉంది. ఆయన ఉన్నప్పుడు నేను చుట్టినవాటికీ ఆయన పేరే రాసేవాళ్లు. పోయాక కూడా షెడ్డు పేరు చూసి అదే రాస్తున్నారు, నువ్వూ అదే రాశావు. ముప్పై ఏళ్లలో ఒక్కసారి నేను ఆ గడి వైపు చూడలేదు. చుట్టడం నా పని, కాగితాలు మగవాళ్ల పని అనుకున్నాను.

జయచంద్ర గారు కొత్త కాగితం రాస్తూ అలవాటు కొద్దీ ఆ గడిలో నరేంద్ర అని మొదలుపెట్టాడు. చెయ్యి పట్టుకుని ఆపినంత పని చేశాను. కొట్టేసి యమున అని రాయించాను. రాసి నా వైపు తోశాడు, సంతకం పెట్టాను. అక్కడితో ఆగలేదు. మేడం గదిలోకి పోయి, అబద్ధపు కాగితం వెనక్కి తీసుకున్నాక, ఫిబ్రవరి పన్నెండు కాగితం ఇవ్వమన్నాను. నువ్వు 44.0 అని రాసి సంతకం పెట్టినదే.

“అదెందుకమ్మా? అది అయిపోయింది కదా” అంది మేడం.

“దాంట్లో గూడా సుట్టినోళ్ల పేరు మార్చల్ల మేడం” అన్నాను.

“అది తప్పు కాగితమమ్మా. ఆడ మీ పేరు యాల? మంచి కాగితంలో ఉండాది కదా, సాలు. పట్టీలో మీ షెడ్డు ఉంచుతాను. పక్కన హెచ్చరిక అని ఒక మాట రాస్తాను, అంతే.”

“ఆ తప్పు మా ఆయన సేసింది కాదు మేడం. ఆయన బతికుండగా ఒక్క సుట్టు తప్పు సుట్టలేదు. సేసింది నేను.”

 మేడం బీరువాలోంచి ఆ కాగితం తీయించింది. నరేంద్ర అన్నచోట అడ్డంగా ఒక గీత గీసి, కింద తన సంతకం, తేదీ వేసి, కలం నాకిచ్చింది. ఆ గీత పక్కన నా పేరు నా చేత్తోనే రాశాను. 

యమున